క్రైటీరియన్ 'ది కిడ్' బ్లూరే: జాకీ కూగన్ కోసం కొనాల్సిన డిస్క్

పాత మంచి సినిమాలను డిస్కులుగా వేసే అమెరికా సంస్థ క్రైటీరియన్ కలెక్షన్ 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన 'ది కిడ్' బ్లూరే మీద ఈ సమీక్ష. వాళ్ల వరుసలో దీని నంబరు 799. చార్లీ చాప్లిన్ తీసిన ఈ మూకీ సినిమా 1921లో వచ్చింది. నెట్‌లో ఉచితంగా ఎన్నో చోట్ల దొరుకుతుంది. అలాంటప్పుడు డబ్బు పెట్టి డిస్క్ ఎందుకు కొనాలని ఎవరైనా అడుగుతారు. చాప్లిన్ ఒక్కడి కోసమే అయితే తొందరేమీ లేదు. పక్కన నిలబడ్డ ఆ చిన్న కుర్రాడి కోసమైతే మాత్రం కొనాలి. ఆ కుర్రాడు జాకీ కూగన్. హాలీవుడ్‌లో మొదటి పెద్ద చైల్డ్ స్టార్ అతనే. సంపాదించినది దాదాపు అంతా ఇంట్లోవాళ్ల చేతుల్లోనే పోగొట్టుకుని కోర్టుకెక్కిన వాడూ అతనే. ఇవాళ కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనను కాపాడే చట్టాన్ని అందరూ అతని పేరుతోనే పిలుస్తారు. ఆ జీవితం ఎక్కడ మొదలైందో అర్థం చేసుకోవడానికి కావలసిన సరుకు ఈ ఒక్క డిస్క్‌లో ఉన్నంతగా మరోచోట లేదు.

ముందు డిస్క్‌లో ఏముందో చూద్దాం. అసలు సినిమా 53 నిమిషాలు. దానికి చాప్లిన్ పరిశోధకుడు చార్లెస్ మేలండ్ వ్యాఖ్యానం ఉంది. లీసా హేవెన్ తయారుచేసిన వీడియో వ్యాసం పూర్తిగా జాకీ కూగన్ గురించే. కూగన్‌తోనూ, లీటా గ్రే చాప్లిన్‌తోనూ పాత ఇంటర్వ్యూలున్నాయి. కెమెరామన్ రోలీ టోథరో మాటల ఆడియో ఉంది. మూకీల్లో కెమెరాను నెమ్మదిగా తిప్పి కదలికలకు వేగం తెప్పించే పద్ధతిని బెన్ మోడల్ విడమరిచి చూపించాడు. 1921 ప్రింట్‌లో ఉండి తర్వాత కత్తిరించిన సన్నివేశాలు, చాప్లిన్ ముసలితనంలో ఆర్కెస్ట్రాను నడిపిస్తున్న దృశ్యం, 1921 నాటి న్యూస్‌రీల్, 'నైస్ అండ్ ఫ్రెండ్లీ' అనే చిన్న సినిమా, ట్రైలర్లు కూడా ఉన్నాయి. కవర్ లోపల టామ్ గన్నింగ్ రాసిన వ్యాసం కాగితం మీద అచ్చేసి పెట్టారు.

1921లో విడుదలైనప్పుడు సినిమా సుమారు 68 నిమిషాలుండేది. 1971లో చాప్లిన్ స్వయంగా కూర్చుని కొన్ని సన్నివేశాలు తీసేశాడు, కొత్తగా సంగీతం కట్టాడు. ఆ రూపం 1972లో మళ్లీ థియేటర్లకు వెళ్లింది. డిస్క్‌లో ఉన్నది అదే. తీసేసినవన్నీ దాదాపు బిడ్డను వదిలేసిన తల్లి పాత్రకు, అంటే ఎడ్నా పర్వియన్స్‌కు చెందినవే. చర్చి ముందు మరెవరిదో ఇష్టంలేని పెళ్లి జరుగుతుంటే ఆమె చూస్తూ నిలబడటం, ఏళ్ల తర్వాత ఒక విందులో బిడ్డ తండ్రి ఎదురుపడటం అందులో ఉన్నాయి. వీటిని విడివిడిగా చూడొచ్చు గానీ, 1921 రూపాన్ని ఏకబిగిన మొదటినుంచి చివరిదాకా చూసే ఏర్పాటు లేదు. ఈ డిస్క్‌లో పెద్ద లోటు ఇదే. చాప్లిన్ కుటుంబం ఆయన చివరి కూర్పునే అధికారిక రూపంగా భావిస్తుంది, అది గౌరవించదగ్గదే. అయినా రెండూ పక్కపక్కన పెట్టి ఉంటే తల్లి పాత్ర ఎంత పలచబడిందో, బరువంతా పిల్లాడి మీదికి ఎలా వచ్చి పడిందో చూసేవాళ్లకే తెలిసేది. ఇప్పుడైతే కత్తిరించిన ముక్కలను మనమే మనసులో అతుక్కోవాలి.

బొమ్మ విషయంలో వంక పెట్టడానికి లేదు. పునరుద్ధరణ ఇటలీలో బొలోన్యా ఫిల్మ్ ఆర్కైవ్, దాని ల్యాబ్ కలిసి 4కేలో చేశారు. ఉచిత కాపీల్లో తెల్లగా కాలిపోయినట్టుండే ముఖాలు ఇక్కడ చర్మంలా కనిపిస్తాయి. జాకీ చొక్కా చిరుగులు, గోడ మీద ఊడిన సున్నం, మంచం మీది గుడ్డలోని కన్నాలు అన్నీ లెక్కపెట్టొచ్చు. గ్రెయిన్, అంటే ఫిల్మ్‌కు సహజంగా ఉండే సన్నటి రవ్వలు, చెరిపేయలేదు. అక్కడక్కడా సన్నటి గీతలు మిగిలాయి, వందేళ్ల ఫిల్మ్‌కు అవి సహజం. ధ్వని మోనో. హోమ్ థియేటర్ ఉన్నవాళ్లు దాన్ని సరౌండ్‌గా మార్చి వినకండి, తీగ వాయిద్యాలు అలుక్కుపోతాయి.

ఇక కుర్రాడి సంగతి. జాకీ 1914 అక్టోబర్ 26న లాస్ ఏంజలెస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ రంగస్థలం వాళ్లు. తండ్రి జాక్ కూగన్ డాన్సర్. 1919లో లాస్ ఏంజలెస్ ఆర్ఫియం థియేటర్‌లో ప్రదర్శన చివర తండ్రి కొడుకును స్టేజీ మీదికి తీసుకొచ్చి గంతులు వేయించాడు. చూడటానికి వెళ్లిన చాప్లిన్ అక్కడే వాడిని గుర్తుపెట్టుకున్నాడు. కొద్ది రోజులకు కూగన్‌ను మరో హాస్యనటుడు ఆర్బకల్ బుక్ చేసుకున్నాడని విని చాప్లిన్ డీలాపడ్డాడు. తీరా ఆరా తీస్తే ఆర్బకల్ మాట్లాడుకున్నది తండ్రితో. కొడుకు ఖాళీగానే ఉన్నాడు. 1919లోనే వచ్చిన 'ఎ డేస్ ప్లెజర్'లో జాకీ చిన్న వేషం వేశాడు. అదే ఏడు జులైలో చాప్లిన్‌కు పుట్టిన కొడుకు మూడు రోజులకే చనిపోయాడు. ఆ వెంటనే మొదలైన సినిమా 'ది కిడ్'.

చిత్రీకరణ ఏడాది పైన సాగింది. మధ్యలో భార్య మిల్‌డ్రెడ్ హారిస్‌తో విడాకుల గొడవ వచ్చింది. నెగెటివ్‌ను ఆస్తి కింద జప్తు చేస్తారన్న భయంతో చాప్లిన్ బృందం దాన్ని కాలిఫోర్నియా దాటించి యూటాలోని సాల్ట్ లేక్ సిటీకి తీసుకుపోయింది, ఎడిటింగ్ అక్కడి హోటల్ గదిలో జరిగింది. 1921 జనవరి 21న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో మొదటి ప్రదర్శన.

జాకీ ప్రతిభ ఎలాంటిదో తెలియాలంటే అట్ల సన్నివేశం దగ్గర ఆగి చూడండి. పొద్దున్నే పిల్లాడు పొయ్యి దగ్గర నిలబడి అట్లు పోస్తుంటాడు. పెంపుడు తండ్రిగా వేసిన చాప్లిన్ మంచం మీదే పేపరు చదువుతుంటాడు. టిఫిన్ సిద్ధమని పిలుపొచ్చాక కప్పుకున్న గుడ్డకున్న కన్నంలోంచి తల దూర్చి దాన్నే గౌనులా వేసుకుని లేస్తాడు. ఇద్దరూ కూర్చుని అట్లు సమానంగా పంచుకుంటారు. ఇందులో పిల్లాడు నవ్వించే ప్రయత్నమే చేయడు. ఇంటి పని తన బాధ్యతన్నంత శ్రద్ధగా చేస్తాడు. తండ్రి లేవడం ఆలస్యమైతే ముఖంలో పెద్దవాళ్ల విసుగు కనిపిస్తుంది. చాప్లిన్ ప్రతి కదలికనూ తాను చేసి చూపించి అతని చేత చేయించేవాడు. అనుకరించడం చాలామంది పిల్లలకు వస్తుంది. అనుకరించిన దానిలోకి తన సొంత ధ్యాసను తీసుకురావడం జాకీకి వచ్చింది.

కిటికీల సన్నివేశం కూడా అంతే. పిల్లాడు రాయి విసిరి అద్దం పగలగొట్టి పారిపోతాడు, వెనకే అద్దాలు బిగించే తండ్రి వస్తాడు. ఒకచోట రాయి విసరబోయి చెయ్యి వెనక్కి ఎత్తితే ఆ చెయ్యి పోలీసుకు తగులుతుంది. రాయి చేతిలో ఉండగానే పిల్లాడు దాన్ని ఎగరేసి పట్టుకునే ఆటగా మార్చేస్తాడు. ఆ మార్పు కెమెరా వేగం వల్ల వచ్చింది కాదు, అది పూర్తిగా అతని టైమింగ్. బెన్ మోడల్ భాగం చూశాక ఈ తేడా బాగా పట్టుబడుతుంది. పరుగులు, తోపులాటల్లో కెమెరా సాయం ఎంతుందో, ఏది నటుడి సొంతమో ఆయన సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్కతో చూపిస్తాడు. మూకీలంటే ఊరికే గబగబా పరిగెత్తే బొమ్మలనుకునేవాళ్లు ఈ భాగం తప్పక చూడాలి.

అందరికీ గుర్తుండేది అనాథాశ్రమం వాళ్లు పిల్లాణ్ని బలవంతంగా ట్రక్కులోకి ఎక్కించే ఘట్టం. జాకీ రెండు చేతులూ చాచి, నోరు వంకర్లు పోయి, వెక్కుతూ బతిమాలతాడు. ఆ ఏడుపు నిజం. షూటింగ్ రోజు పిల్లాడు అల్లరి మూడ్‌లో ఉండి ఏడవలేదు. నేను ఏడిపిస్తానని జాకీ కన్నతండ్రి పక్కకు తీసుకెళ్లాడు. ఏడవకపోతే స్టూడియో నుంచి తీసుకెళ్లి నిజంగానే అనాథల ఆశ్రమంలో వేస్తామన్నాడు. చాప్లిన్ ఆత్మకథలో ఈ సంగతి దాచకుండా రాశాడు. ఇది తెలిశాక ఆ ఘట్టాన్ని మునుపటిలా చూడలేం, చూడకూడదు కూడా. నటన గొప్పదే. కానీ అది రాబట్టిన పద్ధతి మంచిది కాదు. ఈ రెండు మాటలనూ ఒకేసారి చెప్పగలగాలి. అదే తండ్రి ఇదే సినిమాలో జేబుదొంగగా, కల ఘట్టంలో దయ్యంగా కనిపిస్తాడు. వ్యాఖ్యానం వింటూ చూస్తే ఇలాంటివి ఎక్కడెక్కడున్నాయో తెలుస్తుంది.

కల ఘట్టంలో చాప్లిన్‌ను ఆకర్షించే దేవకన్యగా వేసినది లీటా గ్రే. అప్పటికి ఆమెకు 12 ఏళ్లు. 16 ఏళ్లకు చాప్లిన్ భార్య అయింది. డిస్క్‌లో ఆమె ఇంటర్వ్యూ ఉంది. ఆ సినిమాలో పనిచేసిన ఇద్దరు పిల్లలూ పెద్దయ్యాక ఆ రోజుల గురించి మాట్లాడుతుంటే వినగలగడం ఈ ఎడిషన్ విలువను బాగా పెంచింది.

'నైస్ అండ్ ఫ్రెండ్లీ' పది నిమిషాల చిన్న సినిమా. 1922లో హనీమూన్‌కు హాలీవుడ్ వెళ్లిన కొత్త దంపతులకు కానుకగా చాప్లిన్ సరదాకు తీశాడు. ఆ దంపతులు లూయీ మౌంట్‌బాటన్, ఎడ్వీనా. పాతికేళ్ల తర్వాత మన దేశానికి ఆఖరి వైస్రాయ్‌గా వచ్చిన మౌంట్‌బాటనే. జాకీ కూడా ఇందులో ఉన్నాడు. సినిమాగా చూస్తే పెద్దగా ఏమీ లేదు. కానీ ఆ ఫ్రేములో ఉన్న పెద్దమనిషి, ఆ పిల్లాడు తర్వాత ఎక్కడ తేలారో తెలిస్తే ఆసక్తి కలుగుతుంది. ఆ సంగతి కింద చెబుతాను.

'ది కిడ్' తర్వాత జాకీ ఎదుగుదల ఎవరూ ఊహించనిది. 1921లోనే 'పెక్స్ బ్యాడ్ బాయ్', 'మై బాయ్' వచ్చాయి. 1922లో 'ఆలివర్ ట్విస్ట్'లో లాన్ చానీ ఫాగిన్‌గా, జాకీ ఆలివర్‌గా వేశారు. 1923లో మెట్రో కంపెనీ సంతకం పెట్టినందుకే 5 లక్షల డాలర్లు ఇచ్చింది. అప్పటికి పిల్లాడికి తొమ్మిదేళ్లు నిండలేదు. అతని పేరుతో పీనట్ బటర్, బొమ్మలు, ఈలలు, రాతపుస్తకాలు అమ్మారు. 1924లో ఆర్మీనియా, గ్రీసు శరణార్థి పిల్లల కోసం నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే సహాయ సంస్థ తరఫున అమెరికా, యూరప్ తిరిగి తిండి, బట్టలు, విరాళాలు పోగుచేశాడు. రోమ్‌లో పోప్‌ను కలిశాడు. అతని గుండ్రటి క్రాపు ఎంత పేరుపడిందంటే, 1927లో దాన్ని కత్తిరించడాన్నే పెట్టుబడిగా పెట్టి ఒక సినిమా తీశారు. జుట్టుతో పాటు మార్కెట్టూ పోయింది. 1930లో 'టామ్ సాయర్', మరుసటేడు 'హకల్‌బెరీ ఫిన్'తో కొంత ఊపు వచ్చినా టాకీల కాలంలో పాత వైభవం తిరిగి రాలేదు.

ఆ తొలినాటి సినిమాల్లో ఒక్కటి కూడా ఈ డిస్క్‌లో లేకపోవడం రెండో లోటు. కనీసం 'ఆలివర్ ట్విస్ట్' జతచేసి ఉండాల్సింది. అది చాలాకాలం పోయిందనుకున్న సినిమా. 1970లలో యుగోస్లావియాలో ప్రింటు దొరికితే అందులో ఇంగ్లిష్ టైటిల్ కార్డులు, అంటే మధ్యమధ్య తెర మీద మాటలు చూపే పలకలు, లేవు. అప్పటికి పెద్దవాడైన కూగన్, నిర్మాత సాల్ లెసర్ కలిసి కార్డుల మాటలు తిరిగి కూర్చడానికి సాయం చేశారు. అమెరికాలో ఇప్పుడు దానిమీద కాపీరైట్ లేదు, ఉచితంగా చూడొచ్చు. 'ది కిడ్' చూసిన మర్నాడే అది చూస్తే చాప్లిన్ పక్కన లేకుండా జాకీ ఎంత మోయగలడో తేలిపోతుంది.

1935 మే నెలలో మెక్సికోలో వేట ముగించుకుని వస్తుండగా శాన్ డియేగో జిల్లా కొండల్లో కారు లోయలో పడింది. జాకీ తండ్రి, 'టామ్ సాయర్'లో హక్‌గా వేసిన స్నేహితుడు జూనియర్ డర్కిన్, మరో ఇద్దరు చనిపోయారు. బతికింది జాకీ ఒక్కడే. అక్టోబర్‌లో 21 నిండాయి. ఆస్తి చేతికొస్తుందనుకున్నాడు, రాలేదు. తల్లి, కుటుంబం లెక్కలు చూసే ఆర్థర్ బెర్న్‌స్టీన్‌ను పెళ్లి చేసుకుంది. 1938 ఏప్రిల్‌లో జాకీ వాళ్లిద్దరి మీద దావా వేశాడు. బాల్యంలో అతను సంపాదించినది 30 నుంచి 40 లక్షల డాలర్లుంటుందని అంచనా. ఖర్చులు, కార్లు, నగలు పోను కోర్టుకు దొరికింది రెండున్నర లక్షలు. 1939లో రాజీ కుదిరి అందులో సగం, సుమారు 1,26,000 డాలర్లు అతనికి దక్కాయి. 1937లో నటి బెట్టీ గ్రేబుల్‌ను చేసుకున్న పెళ్లి కూడా ఆ కాలంలోనే తెగిపోయింది.

ఇక్కడ చాలామంది తల్లిని తిట్టి ఊరుకుంటారు. అసలు చిక్కు చట్టంలోనే ఉంది. మైనర్ సంపాదన తల్లిదండ్రులదేనని అప్పటి కాలిఫోర్నియా చట్టం చెప్పింది. తల్లి తరఫు వాదన కూడా అదే. నైతికంగా ఎంత దారుణమైనా చట్టప్రకారం ఆ వాదన నిలిచేదే. అందుకే 1939లో కొత్త చట్టం తేవాల్సొచ్చింది. బాలనటుల ఒప్పందాన్ని ఆమోదించేటప్పుడు సంపాదనలో సగం వరకు ట్రస్టులో పెట్టమని కోర్టు ఆదేశించవచ్చన్నారు. అది పూర్తి రక్షణ ఇవ్వలేదు. కోర్టుకు తీసుకెళ్లిన ఒప్పందాలకే అది వర్తించేది. ఒక్కరోజు, ఒక్క వారం పనులకు ఎవరూ కోర్టుకు వెళ్లేవారు కాదు. పైగా మిగతా సొమ్ము తల్లిదండ్రులదేనన్న పాత సూత్రం అలాగే ఉండిపోయింది. ఆ కంత పూడ్చడానికి అరవై ఏళ్లు పట్టింది. 2000 జనవరి నుంచి కాలిఫోర్నియాలో సంపాదన పిల్లవాడి సొంత ఆస్తి. మొత్తం పారితోషికంలో 15 శాతాన్ని కోతలేవీ లేకముందే నిర్మాత నేరుగా 'కూగన్ అకౌంట్'లో వేయాలి. 18 నిండేదాకా దాన్ని ఎవరూ కదిలించకూడదు.

మన దేశంలో ఇలాంటి రక్షణ 2017 బాలకార్మిక నిబంధనలతో వచ్చింది. సినిమాలు, సీరియళ్లు, ప్రకటనలు, రియాలిటీ షోలలో 14 ఏళ్లలోపు పిల్లల చేత చేయించాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలకు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించి పనిచేయించకూడదు. చదువు ఆగకూడదు. ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో బిడ్డ పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇష్టానికి వ్యతిరేకంగా ఏదీ చేయించకూడదన్న మాట కూడా అందులోనే ఉంది. అట్లు పోసిన కుర్రాడి ట్రక్కు ఘట్టం చూశాక ఆ చివరి మాట ఎందుకు కావాలో ఎవరూ వివరించనక్కర్లేదు. హైదరాబాద్‌లో పిల్లలను ఆడిషన్లకు తిప్పుతున్న తల్లిదండ్రులు రెండు కాగితాలు అడిగి తీసుకోవాలి. ఒకటి, మేజిస్ట్రేట్‌కు నిర్మాత ఇచ్చిన ఫారం సి హామీపత్రం నకలు. రెండోది, డిపాజిట్ రసీదు. ఒకరోజు యాడ్ షూటింగ్ కదా అని వదిలేస్తే, 1939 చట్టానికి పడిన కంతే ఇక్కడా పడుతుంది.

జాకీ 1941 మార్చిలో సైన్యంలో చేరాడు, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడికి ముందే. విమానం నడపడం వచ్చు కాబట్టి గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) పైలట్ అయ్యాడు. ఒకటో ఎయిర్ కమాండో దళంతో మన దేశానికి వచ్చాడు. 1944 మార్చి 5 రాత్రి అస్సాంలోని లాలాఘాట్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి, బ్రిటిష్ జనరల్ వింగేట్ నడిపిన చిందిట్ దళాలను మోసుకుంటూ బర్మాలో జపాన్ సైన్యం వెనక ఉన్న 'బ్రాడ్‌వే' అనే మైదానంలో గ్లైడర్లు దిగాయి. చీకట్లో, తయారుగా లేని నేల మీద దిగడం వల్ల చాలా గ్లైడర్లు విరిగాయి. ఆ పైలట్లలో కూగన్ ఒకడు. ఆ యుద్ధరంగం మొత్తానికి మిత్రదేశాల సుప్రీం కమాండర్ మౌంట్‌బాటన్. 'నైస్ అండ్ ఫ్రెండ్లీ'లో పక్కపక్కన నటించిన ఇద్దరూ 22 ఏళ్ల తర్వాత ఒకే యుద్ధంలో, ఒకే సరిహద్దులో ఉన్నారు. ఈ కారణంగా ఆ చిన్న సినిమాను దాటేయకండి.

యుద్ధం తర్వాత చిన్నచిన్న వేషాలే మిగిలాయి. 1964 నుంచి 1966 దాకా ఏబీసీ టీవీలో 64 ఎపిసోడ్లు నడిచిన 'ది ఆడమ్స్ ఫ్యామిలీ'లో గుండుతో, నోట్లో బల్బు పెట్టుకుని వెలిగించే అంకుల్ ఫెస్టర్‌గా మళ్లీ ఇంటింటికీ తెలిశాడు. ఒక తరం అమెరికన్లకు అతను ఫెస్టరే. ఆ కుర్రాడే ఇతనని చాలామందికి తట్టేది కాదు. 1972లో గౌరవ ఆస్కార్ అందుకోవడానికి ఇరవై ఏళ్ల తర్వాత అమెరికా వచ్చిన చాప్లిన్‌ను విమానాశ్రయంలో కలిసినవాళ్లలో అతనున్నాడు. 1984 మార్చి 1న 69 ఏళ్ల వయసులో గుండె ఆగి చనిపోయాడు.

ఇక కొనే సంగతులు. ముద్రిత ధర 39.95 డాలర్లు. ఆ ధరకు ఎప్పుడూ కొనకండి. అమెరికాలోని పుస్తకాల దుకాణాల సంస్థ బార్న్స్ అండ్ నోబుల్ సాధారణంగా జులైలో, నవంబర్‌లో క్రైటీరియన్ డిస్కులన్నీ సగం ధరకు ఇస్తుంది. క్రైటీరియన్ వెబ్‌సైట్‌లో కూడా ఒక్కరోజు సగం ధర అమ్మకాలు వస్తుంటాయి. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకుని వాళ్లు వచ్చేటప్పుడు పట్టుకురమ్మంటే కొరియర్, కస్టమ్స్ బాధ ఉండదు.

అంతకంటే ముఖ్యమైనది రీజియన్, అంటే డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు. ఈ బ్లూరే రీజియన్ ఎ. అమెరికా, సింగపూర్, మలేషియాల్లో ఉన్న తెలుగువాళ్లకు సమస్య లేదు. ఇండియా రీజియన్ సి. బ్రిటన్, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలు రీజియన్ బి. ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్‌లో, ప్లేస్టేషన్‌లో పెడితే డిస్క్ లోపలికి పోతుంది, రీజియన్ సందేశం వచ్చి ఆగిపోతుంది. డిస్క్ పాడైందనుకుని వెనక్కి పంపేవాళ్లు ఉన్నారు, డిస్క్‌లో తప్పేమీ ఉండదు. రీజియన్ ఫ్రీ అని అమ్మే చౌక ప్లేయర్లలో చాలావరకు డీవీడీలకే ఫ్రీ, బ్లూరేకి కాదు. కొనేముందు బ్లూరే ఎ, బి, సి మూడూ ఆడుతుందని స్పష్టంగా రాయించుకోండి. అమెరికా నుంచి ప్లేయర్ తెప్పిస్తే వెనక స్టిక్కర్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉందో లేదో చూడండి. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణమే కాలిపోతుంది.

డీవీడీ ఎడిషన్ కొంత చౌక, కానీ అది రీజియన్ 1, మనది 5. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు గానీ ఐదుసార్లే. తర్వాత ఆఖరిగా పెట్టిన రీజియన్‌లోనే శాశ్వతంగా లాక్ అయిపోతుంది. వాళ్ల స్ట్రీమింగ్ సేవ క్రైటీరియన్ ఛానెల్ అమెరికా, కెనడాలకే పరిమితం.

భాష విషయం. సినిమాలో మాటలు లేవు, టైటిల్ కార్డులు చిన్న ఇంగ్లిష్ వాక్యాలు. పక్కన ఎవరైనా చదివి చెబితే ఆరేళ్ల పిల్లలు కూడా హాయిగా చూస్తారు. అయితే వ్యాఖ్యానానికి సబ్‌టైటిల్స్ లేవు. మేలండ్ మాట నెమ్మదిగా, స్పష్టంగానే ఉంటుంది కానీ ఇంగ్లిష్ వినడం అలవాటు లేనివాళ్లకు కష్టం. వాళ్లు ముందు హేవెన్ వీడియో వ్యాసం చూడటం మేలు, అందులో బొమ్మలే సగం కథ చెబుతాయి.

డిస్క్ ఆడించే వీలు లేక ఉచిత కాపీయే చూడాలనుకుంటే ముందు నిడివి చూసుకోండి. 68 నిమిషాల దగ్గర ఉంటే 1921 రూపం, 53 దగ్గర ఉంటే చాప్లిన్ తగ్గించినది. ఈ రెంటికీ మధ్య ఏదో అంకె ఉంటే వేగం తప్పుగా పెట్టిన కాపీ కావచ్చు. నడకలు మరీ ఉరుకుల్లా కనిపిస్తే ప్లేయర్‌లో వేగం 0.75కి తగ్గించి చూడండి. వెనక ఏదో పియానో రికార్డు మోగుతుంటే శబ్దం ఆపేయండి. ఆ పియానోతో వినడం కంటే నిశ్శబ్దంగా చూడటమే నయం.